చలికాలంలో పెరటి కోళ్లను కాపాడుకోవడం ఎలా?

ధనుర్మాసం మంచు మొదలైతే చాలు, ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "కోళ్లు చలికి చచ్చిపోతున్నాయి, ఏం చేయాలి?" మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చలికి ఎదిగిన నాటుకోడి చావదు. దాని ఒంటి వేడే దాదాపు 41 డిగ్రీలు. మైదానపు ఊళ్లలో రాత్రి చలి దానికి లెక్కలోకి రాదు. సీతంపేట, సాలూరు వైపు కొండ ఊళ్లలో చలి ఎక్కువే అయినా అక్కడి కోళ్లు తరతరాలుగా బతుకుతూనే ఉన్నాయి. ఈ కాలంలో కోళ్లను చంపేవి తడి, గాలి ఆడని గూడు, సంక్రాంతి పండగ ముందు సంత నుంచి ఇంటికి వచ్చిన కొత్త కోడి. ఆరు వారాల లోపు కోడిపిల్లలను మాత్రం చలి నిజంగానే చంపుతుంది. వాటి సంగతి విడిగా చెబుతాను.

కాబట్టి కోడికి దుప్పటి కప్పే ఆలోచన పక్కన పెట్టండి. మంచు కురిసే దేశాల వీడియోలు చూసి కోడి జుట్టుకు వాసెలిన్ రాసేవాళ్లు కూడా ఉన్నారు. జుట్టు గడ్డకట్టే చలి మనకు లేదు, ఆ డబ్బు పెట్టి టీకా వేయించండి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి? వినాయక చవితి దాటగానే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుపాన్లూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. గూడు ఒకసారి నానిపోయాక చలికాలమంతా ఆరదు.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఖాళీ గోనె సంచులు, విప్పి కుట్టినవి. గోగునార పండే జిల్లాలు కదా, వీటికి కొరత ఉండదు
- తాటాకులు లేదా కొబ్బరి మట్టలు
- రెండు మూడు బస్తాల పొడి వరి ఊక, కొంచెం పొడి సున్నం
- అర అంగుళం కన్నాల ఇనుప వల
- జబ్బు కోడిని విడిగా పెట్టడానికి ఒక పెద్ద గంప
- మందు చుక్కలు వేసే డ్రాపరు, టార్చిలైటు
- కోడిపిల్లలు ఉంటే 60 లేదా 100 వాట్ల పాతకాలపు బల్బు. ఎల్‌ఈడీ వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు

1. గూటిని తడికి అందకుండా ఎత్తండి

గూడు అడుగు నేలకు ఒకటిన్నర నుంచి రెండు అడుగుల ఎత్తులో ఉండాలి. చెక్క గూడైతే నాలుగు రాళ్ల మీద నిలబెట్టండి. నేల మీద కట్టిన కొట్టమైతే చుట్టూ చిన్న కాలువ తీసి నీరు పల్లానికి పోయేలా చూడండి.

సిమెంటు రేకు, ఇనుప రేకు కప్పులతో ఒక చిక్కుంది. కోళ్ల ఊపిరిలోని తేమ తెల్లవారుజామున రేకు అడుగున చుక్కలు కట్టి వాటి మీదే పడుతుంది. వాన లేని రోజుల్లోనూ ఊక తడిసిపోతోందని వాపోయే ఇళ్లలో కారణం చాలాసార్లు ఇదే. తెల్లవారుజామున ఐదింటికి చెయ్యి పెట్టి రేకు అడుగు తడిమి చూడండి. తడి తగిలితే రేకు మీద తాటాకులు పరచి కట్టండి, పైన ఒక జానెడు సందు వదిలి గాలి బయటకు పోనివ్వండి.

2. తెర కట్టండి, కానీ గూడు మూసేయకండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. చలి అనగానే ప్లాస్టిక్ పట్టా తెచ్చి నాలుగు వైపులా చుట్టేస్తారు. పొద్దున పట్టా తీస్తే లోపల నుంచి కళ్లు మండే ఘాటు కొడుతుంది. అది రెట్టల నుంచి పుట్టే అమ్మోనియా. రాత్రంతా దాన్ని పీల్చిన కోడికి గొంతు, ఊపిరితిత్తులు పాడవుతాయి. వారం తిరగకుండా గురక మొదలవుతుంది. అప్పుడు యజమాని "చలి పట్టింది" అని ఇంకో పట్టా చుడతాడు.

ఇలా చేయండి. గాలి కొట్టే ఉత్తరం, ఈశాన్యం వైపులకు మాత్రమే గోనె తెర కట్టండి. తెర అడుగు నుంచి పైకి రావాలి, పైన కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి. కోళ్లు కూర్చునే ఎత్తులో గాలి తగలకూడదు, వాటి తలలపై నుంచి పాత గాలి పోవాలి. సాయంత్రం దించిన తెరను పొద్దున మంచు విడిచాక ఎత్తేయండి. వాన జల్లు కొడుతుంటే గోనె మీద ప్లాస్టిక్ వేయవచ్చు, అదీ వాన వచ్చే వైపు మాత్రమే.

సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే, పొద్దున గూడు తెరిచిన వెంటనే కోడి తల ఎత్తుకు వంగి గాలి పీల్చండి. ముక్కుకు ఘాటు తగిలితే గాలి చాలడం లేదని అర్థం. నిలబడి వాసన చూస్తే తెలియదు, వంగాలి.

3. ఊక

అడుగున రెండు మూడు అంగుళాల మందాన పొడి ఊక పరచండి. రోజు విడిచి రోజు గుల్ల చేయండి. వారానికొకసారి కాస్త పొడి సున్నం కలపండి.

గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువైంది, ఆ భాగం తీసేసి కొత్తది వేయండి. నెమ్మదిగా విడిపోతే సరిపోయింది. ఊక దొరకకపోతే బాగా ఎండిన వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు పనికి వస్తాయి. బూజు వాసన ఉన్నది ఏదైనా వద్దు.

4. ఎన్ని కోళ్లున్నాయో లెక్కపెట్టండి

కార్తీకమాసంలో చాలా ఇళ్లలో కోడి కోయరు, పుంజులను పండగకని అట్టే పెడతారు. దాంతో సరిగ్గా చలి ముదిరే వేళకు గూడు కిక్కిరిసి ఉంటుంది. రాత్రి పడుకోవడానికి ఎదిగిన కోడికి కనీసం ఒకటి, ఒకటిన్నర చదరపు అడుగు చోటు కావాలి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూటిలో పది కోళ్లు దాటితే ఇబ్బందే. ఎక్కువైతే కొన్నిటిని విడి గంపల కింద పడుకోబెట్టండి.

లోపల ఎక్కి కూర్చునే కర్ర గుండ్రంగా, సన్నగా ఉండకూడదు. రెండంగుళాల వెడల్పు చదును పట్టీ అయితే కోడి కూర్చున్నప్పుడు దాని ఈకలే వేళ్లను కప్పుతాయి. ముంగిస, పాము, అడవిపిల్లి దూరకుండా కన్నాలకు ఇనుప వల కొట్టండి.

5. మేత, నీరు

చలిలో కోడి ఒళ్లు వెచ్చబరచుకోవడానికి ఎక్కువ తింటుంది. మామూలుగా వేసే మేతకు తోడు, సాయంత్రం గూటికి చేరే ముందు ఒక గుప్పెడు నూకలు, జొన్నలు, చోళ్లు లేదా మొక్కజొన్న రవ్వ అదనంగా వేయండి. గింజ అరిగేటప్పుడు పుట్టే వేడి రాత్రికి కాస్తుంది. పెట్టలకు గుల్ల సున్నం లేదా దంచిన గుడ్డు పెంకులు విడి చిప్పలో పెట్టండి.

రెండు హెచ్చరికలు. సముద్ర తీరపు ఊళ్లలో ఎండు చేపల తలలు దంచి కోళ్లకు వేస్తారు. మాంసకృత్తులకు మంచిదే, కానీ ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప అయితే పిల్లలు ఉప్పు విషానికి చచ్చిపోతాయి. ఉప్పు లేని చేపే వాడండి, అది కూడా మేతలో పదో వంతు దాటకుండా. రెండోది, తుపానుకు తడిసిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క. "మనం తినం, కోళ్లకైనా వేద్దాం" అంటారు. బూజులోని విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. ఎండబెట్టినా, కడిగినా ఆ విషం పోదు. పారేయడమే దారి.

నీళ్లు రోజూ మార్చండి, చిప్ప తోమండి. చల్లటి నీళ్లు కోళ్లు తక్కువ తాగుతాయి కాబట్టి పొద్దున గోరువెచ్చటివి పోయండి. చెరువు నీరు వద్దు, బావి లేదా కుళాయి నీరే పోయండి. చలికాలంలో మన చెరువులకు బయటి పక్షులు వస్తాయి, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి గూడకొంగలు వచ్చేదీ ఈ రోజుల్లోనే. వాటిని తరమవలసిన పని లేదు. కానీ నీటిపక్షులు మోసే రోగాల్లో పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) కూడా ఉంది, కాబట్టి వాటి రెట్టలు పడే చోట మీ కోళ్లు మేయకుండా చూసుకోండి.

చలికాలంలో గుడ్లు తగ్గడం జబ్బు కాదు. పెట్ట దండిగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 గంటల పైన వెలుతురు కావాలి. డిసెంబరులో మనకు పగలు 11 గంటలే. ఈకలు రాల్చే కాలం కూడా ఇంచుమించు ఇదే. దీనికోసం టానిక్కులు కొనకండి.

6. టీకాలు

కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి, పట్టిందంటే రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. అది వైరస్ రోగం, దానికి మందు లేదు. టీకా ఒక్కటే రక్షణ.

- 5 నుంచి 7 రోజుల వయసులో: లసోటా అనే కొక్కెర తెగులు టీకా, కంట్లో లేదా ముక్కులో ఒక చుక్క
- 28వ రోజున: లసోటా మరోసారి
- 6 వారాలకు: మశూచి టీకా, రెక్క పొరలో
- 8 వారాలకు: కొక్కెర తెగులుకే ఆర్‌టుబి అనే టీకా సూది, అర మిల్లీలీటరు, రెక్క కింద చర్మంలోకి. తర్వాత ఆరు నెలలకొకసారి

ఎనిమిది వారాల లోపు పిల్లలకు ఆర్‌టుబి వేయవద్దు. సూదికి వారం ముందు నులిపురుగుల మందు తాగించండి.

టీకా సీసాలో సాధారణంగా వంద మోతాదులు ఉంటాయి. పది కోళ్లున్న ఇల్లు ఒక్కటే కొంటే మిగతాది వృథా. పక్కపక్క ఇళ్లు ఏడెనిమిది కలిసి ఒక రోజు అనుకుని, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పి పిలిపించుకోండి. పొరుగు కోళ్లకు కూడా టీకా పడటం మీ కోళ్లకే మంచిది.

టీకా పని చేయకపోవడానికి కారణం తెచ్చిన తీరులోనే ఉంటుంది. సీసా ఐసులో పెట్టి తేవాలి. మోటారు సైకిలు డబ్బాలో ఎండలో గంట తిరిగిన టీకా, ఉత్త నీళ్లు ఒకటే. కలిపాక గంట, మహా అయితే రెండు గంటల్లో అయిపోవాలి. నీళ్లలో కలిపి తాగించే పద్ధతి అయితే ఆ నీటిలో బ్లీచింగు ఉండకూడదు. జబ్బుగా ఉన్న కోడికి వేయించకండి. ఊళ్లో ఇప్పటికే రోగం తిరుగుతుంటే వేయాలా వద్దా అన్నది పశువైద్యుడు చెప్పాలి.

మశూచి టీకా పట్టిందో లేదో మీరే చూడవచ్చు. వారం, పది రోజుల్లో రెక్క మీద గుచ్చిన చోట చిన్న పొక్కు లేదా పెచ్చు కనిపించాలి. ఏమీ లేకపోతే మళ్లీ వేయించాలి. ఆర్‌టుబి తర్వాత ఒకటి రెండు రోజులు కోడి మందకొడిగా ఉండటం మామూలే.

7. సంత కోడి, తిరిగొచ్చిన పుంజు

డిసెంబరు చివర నుంచి పండగ దాకా జిల్లాలో కోళ్లు తిరిగినంతగా ఏడాది మొత్తంలో ఎప్పుడూ తిరగవు. సంతకు వెళ్లి అమ్ముడుపోక తిరిగొచ్చిన మీ సొంత పుంజు కూడా కొత్త కోడే. పది ఊళ్ల కోళ్ల పక్కన అది పొద్దంతా కూర్చుని వచ్చింది.

కొక్కెర తెగులు ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అందుకే కొత్త కోడిని మూడు వారాలు విడిగా ఉంచండి. విడిగా అంటే గూటి పక్కన ఇంకో గంప కాదు. ఇంటికి అవతలి వైపు, వేరే నీళ్ల చిప్ప, వేరే మేత చిప్ప. ముందు పాత కోళ్ల పని ముగించుకుని చివరగా దాని దగ్గరకు వెళ్లండి. సంతకు తీసుకెళ్లిన గంపను కడిగి రెండు రోజులు ఎండలో పడేయండి. చెప్పులు కూడా గూటి దగ్గరకు తేకండి, రోగం వాటికి అంటుకుని రావచ్చు.

సంతలో చవకగా దొరికిందని మబ్బుగా కూర్చున్న కోడిని కొనకండి. అలాగే మీ గూటిలో రోగం కనిపించగానే మిగతావాటిని హడావిడిగా సంతకు తోలకండి. ఊరంతా రోగం పాకేది ఇలాగే.

8. పిల్లలు

తల్లి ఉంటే అంతకంటే మంచి హీటరు లేదు. ఒక పెట్ట కింద పది, పన్నెండు పిల్లల వరకు ఉంచండి. తల్లీ పిల్లలను గట్టి అడుగున్న, గాలి తగలని చోట పడుకోబెట్టి, గంప మీద గోనె కప్పి ఒక వైపు తెరిచి ఉంచండి. పొద్దున మంచు పోయి గడ్డి ఆరాకే బయటకు వదలండి. తడిసిన పిల్ల సాయంత్రానికి ముడుచుకుపోతుంది.

తల్లి లేని పిల్లలకు, వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి పెంపకపు రకాలు కొని తెచ్చినవాటికి బల్బు కావాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన, అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. అన్నీ ఒకే మూలకు చేరితే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది. చెల్లాచెదురుగా తిరుగుతూ, తింటూ, నిద్రపోతూ ఉంటే సరిగ్గా ఉంది.

బల్బును దాని వైరుతో వేలాడదీయకండి, గట్టి ఇనుప తీగ లేదా గొలుసుతో కట్టండి. ఊక మీద పడిన బల్బు ఇంటికే నిప్పు పెడుతుంది. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గోనె చుట్టి పిల్లల మధ్య పెట్టండి, రెండు మూడు గంటలకొకసారి నీళ్లు మార్చండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు. ఆ గాలికి పిల్లలే కాదు, పక్క గదిలో పడుకున్న మనుషులూ చస్తారు.

9. రోజూ రెండుసార్లు చూడండి

పొద్దున గూడు తెరవగానే ఏది చివర బయటకు వస్తుందో చూడండి. రోజూ ముందుండే కోడి ఈరోజు వెనకబడితే దాన్ని చేతిలోకి తీసుకోండి. రొమ్ము ఎముక కత్తిలా తగులుతుంటే చాలా రోజులుగా చిక్కిపోతోందని అర్థం. మెడ కింద మేత సంచి పొద్దున ఖాళీగా, సాయంత్రం నిండుగా ఉండాలి. పొద్దున కూడా గట్టిగా ముద్దలా ఉంటే మేత అరగడం లేదు.

రెట్టలను గూటిలో ఊక మీద కాకుండా కర్ర కింద పరచిన పాత కాగితం మీద చూడండి. గోధుమ రంగు ముద్ద మీద తెల్లటి టోపీ ఉంటే ఆరోగ్యం.

రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు, అన్నీ సద్దుమణిగాక, టార్చి వేయకుండా గూటి దగ్గర రెండు నిమిషాలు నిలబడి వినండి. పగటి గోలలో వినపడని గురక, తుమ్ము, గరగర శబ్దం అప్పుడు వినిపిస్తాయి. వినిపించాక టార్చి వేసి ఏ కోడో గుర్తు పెట్టుకోండి.

10. జబ్బు పడితే

ముందు వేరు చేయండి, తర్వాత ఆలోచించండి. గంపలో పొడి ఊక వేసి, గాలి తగలని వెచ్చటి మూల పెట్టండి. లీటరు గోరువెచ్చటి నీటిలో ఒక చెంచా బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి ఇవ్వండి. తాగలేకపోతే డ్రాపరుతో ముక్కు పక్కన ఒక్కో చుక్క వదలండి, అదే మింగుతుంది. నోరు తెరిచి గొంతులో పోయకండి. కోడికి శ్వాసనాళం ద్వారం నాలుక వెనకే ఉంటుంది. నీళ్లు అందులోకి పోయి, జబ్బుకు చావవలసిన పని లేకుండానే చచ్చిపోతుంది.

తర్వాత లక్షణం చూసుకోండి.

పచ్చటి, తెల్లటి పలచని రెట్ట, నోరు తెరిచి ఊపిరి, మెడ తిరిగిపోవడం, కాళ్లు రెక్కలు పడిపోవడం: కొక్కెర తెగులు అనుమానం. యాంటీబయాటిక్ దీన్ని తగ్గించదు. మిగిలిన కోళ్లను బయటకు వదలకుండా కట్టడి చేసి డాక్టరుకు చెప్పండి.

ముఖం వాపు, కంట్లో నురుగు, ముక్కు నుంచి దుర్వాసన వచ్చే చీమిడి: కొరైజా అనే జలుబు. సాధారణంగా మందుకు లొంగుతుంది, ఏ మందు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పాలి.

జుట్టు, కళ్ల చుట్టూ పొక్కులు: మశూచి. దోమలు దీన్ని ఎక్కిస్తాయి. పొక్కులు గిల్లకండి. వేపనూనెలో పసుపు కలిపి రాయండి, కళ్లు మూసుకుపోతే కాచి చల్లార్చిన ఉప్పునీటితో తుడవండి. కన్ను కనపడక తిండి మానేసి చచ్చేవే ఎక్కువ, కాబట్టి చేత్తో తినిపించండి. దోమలకు వేపాకు పొగ వేయాలంటే కోళ్లు గూటికి చేరక ముందే వేసి ఆర్పేయండి.

నెల, రెండు నెలల పిల్లల్లో రక్తపు రెట్ట: తడి ఊకతో వచ్చే రక్తపారుడు. ఆంప్రోలియం పొడి నీటిలో ఇస్తారు, మోతాదు ప్యాకెట్టు మీద ఉన్నట్టే. ఊక మార్చకుండా మందు ఒక్కటే ఇస్తే మళ్లీ వస్తుంది.

మనుషుల మాత్రలు సగం విరిచి వేయడం మానండి. డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తే, ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదో అడిగి రాసుకోండి. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. విజయనగరం జిల్లా వాళ్లకు గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది.

ఒకటి రెండు రోజుల్లో ఏ లక్షణమూ లేకుండా చాలా కోళ్లు ఒక్కసారిగా పడిపోతే, జుట్టు, కాళ్లు నీలంగా మారితే, అది పక్షి జ్వరం కావచ్చు, వట్టి చేతులతో ముట్టుకోకండి. కోయకండి, ఎవరికీ ఇవ్వకండి. అదే రోజు పశువుల ఆసుపత్రికి తెలియజేయండి.

11. చచ్చిన కోడి, ఖాళీ అయిన గూడు

చచ్చిన కోడిని గెడ్డలోకో, చెరువు గట్టుకో విసిరితే కుక్కలు దాన్ని ఊరంతా పంచుతాయి. మూడడుగుల గొయ్యి తీసి, పైన కిందా సున్నం చల్లి పూడ్చండి. కారణం తెలియకపోతే పూడ్చే ముందే డాక్టరుకు చూపించండి, కోసి చూస్తే మిగతావాటికి ఏం చేయాలో తెలుస్తుంది.

గూటిలో పాత ఊకంతా తీసి కాల్చండి. చెక్క, వల, చిప్పలు ముందు సబ్బు నీటితో రుద్ది కడగండి. రెట్ట అంటుకుని ఉన్న చెక్క మీద ఎంత సున్నం కొట్టినా లోపలి క్రిమి చావదు. ఆరాక సున్నం వేయండి. గూడు ఒక నెల ఖాళీగా ఎండనివ్వండి. ఆ తర్వాత తెచ్చే పిల్లలకు ఏ టీకా ఎప్పుడు పడిందో అమ్మినవాళ్లను అడిగి, తేదీలు గూటి తలుపు మీదే సుద్దముక్కతో రాసి పెట్టుకోండి.